ఆగు అంటే సాగుతుంది

తంగేడు అనే కంప్యూటర్ భాషను నంద్యాలలో దూదేకుల మస్తాన్‌వలి తయారుచేశాడు. బస్టాండు వెనక ఆయనకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఇఫ్, ఎల్స్ అనగానే బిక్కమొహాలు వేసే పిల్లలు "ఒకవేళ", "లేకపోతే" అంటే ఇట్టే పట్టుకోవడం చూసి, తెలుగు మాటలతోనే యంత్రానికి పని చెప్పే భాష ఒకటి కట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోండి, కావలిస్తే మార్చుకోండి అని ఇంటర్నెట్టులో పెట్టేశాడు. కట్టడం వచ్చు గానీ, కట్టినదాన్ని ఎలా వాడాలో రాసి చెప్పడం ఆయనకు చేతకాదు. "వాడితే తెలుస్తాది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాడు.

ఆ లోటు జనం పూడ్చారు. తంగేడులో ఏ మాట ఏం చేస్తుందో వివరించే వెబ్‌సైటు ఒకటి లేచింది. దానికి కరదీపిక అని పేరు. ఎవరైనా వచ్చి రాయవచ్చు, ఎవరు రాసినదాన్నయినా ఎవరైనా దిద్దవచ్చు. విలువ దాచుకునే చోటును చలరాశి అనాలా, డబ్బా అనాలా అని ఒక వేసవి అంతా కొట్టుకున్నారు. డబ్బా గెలిచింది. చలరాశి పక్షంవాళ్ళు కొన్నాళ్ళు అలిగి, మళ్ళీ వచ్చి డబ్బా పుటలోనే కామాలు సరిచేయడం మొదలుపెట్టారు. జీతంలేని పని కాబట్టి అందరూ శ్రద్ధగా చేసేవారు.

వాళ్ళందరిలో పెద్దదిక్కు గొర్లె హైమవతి. గెడ్డపాలెం పాలిటెక్నిక్‌లో లెక్చరర్. అచ్చుతప్పు కనిపిస్తే ఆమెకు అన్నం సహించదు. వచ్చిన శుభలేఖలో తప్పులు దిద్ది, పెళ్ళివారికే తిరిగి పంపి, ఆ పెళ్ళికి పిలుపు పోగొట్టుకున్న మనిషి. ఆమెకు కుడిభుజం బొబ్బిలిలో ఉండే పేరి సూర్యప్రకాశం మాస్టారు. రిటైరైన తెలుగు పండితుడు. ఆయనకు ప్రోగ్రామింగ్ రాదు, సంధులు వచ్చు. రోజూ పొద్దున్న కాఫీ తాగి, ఫోనులో కరదీపిక తెరిచి, ఒక పుట శుభ్రంచేసి గానీ స్నానానికి లేచేవారు కాదు.

ఇలా ఎవరి మానాన వాళ్ళు సుఖంగా ఉండగా, దేశీయ గణన భాషా మండలి అనే ప్రభుత్వ సంస్థకు తంగేడు మీద ప్రేమ పుట్టింది.

మండలికి ముఖ్య కార్యనిర్వహణాధికారి భుజంగరావుగారు. ఆయన ఒక సభలో ప్రకటించారు: "ఇది ప్రజలు రాసుకున్న పత్రం. ప్రజల పత్రాన్ని గౌరవించడం ప్రభుత్వ ధర్మం. అందుచేత ఇవాళ మధ్యాహ్నం నుంచి కరదీపికను యథాతథంగా అధికారిక ప్రమాణ పత్రంగా నోటిఫై చేయడమైనది." చప్పట్లు మోగాయి. హైమవతి కూడా ఆ వార్త చూసి సంతోషించింది. స్టాఫ్‌రూములో అందరికీ పకోడీ తెప్పించింది.

సరిగ్గా అదే మధ్యాహ్నం పేరి మాస్టారు కునుకు ముందు "ఆగు" అనే పుట శుభ్రంచేస్తున్నారు. ఆగు అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "ఈ మాట రాగానే ప్రోగ్రాం అక్కడితో ఆగుతుంది" అని ఆ పుటలో ఉండేది. మాస్టారు వాక్యం చివర చుక్క పెట్టబోయారు. ఫోను తన తెలివితేటలు చూపించింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూసేసరికి "ప్రోగ్రాం అక్కడితో సాగుతుంది" అని ఉంది.

ఆయన కంగారుగా హైమవతికి ఫోన్ చేశారు. "అమ్మా, వేలు జారింది. దిద్దబోతే పుట తెరుచుకోవడం లేదు. నువ్వొకసారి చూడు తల్లీ."

హైమవతి చూసింది. ఆగు పుటకు తాళం పడింది. పైన మండలి ముద్ర, కింద ఒక ప్రకటన: "ఈ కరదీపిక ప్రజలది. కావున ప్రజలు దీనిని మార్చరాదు."

ఒక్క అక్షరమే కదా, చెబితే మారుస్తారనుకుని ఆమె మండలి కార్యాలయానికి వెళ్ళింది. భుజంగరావుగారు మర్యాదస్తులు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, విషయమంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"అంటే మీరు కోరుతున్నది, ప్రమాణ పత్రంలో భావాన్ని పూర్తిగా తలకిందులు చేసే సవరణ," అన్నారు కళ్ళు తెరిచి.

"తలకిందులుగా ఉన్నదాన్ని నిలబెట్టమంటున్నానండీ. సా తీసి ఆ పెట్టాలి. అంతే."

"అక్షరం చిన్నదే కావచ్చు. ప్రక్రియ చిన్నది కాదు. ముందు సవరణ ఆవశ్యకతా నిర్ధారణ ఉపసంఘం కూర్చోవాలి. అది సిఫారసు చేస్తే, ప్రజల నుంచి అభ్యంతరాలు ఆహ్వానించాలి. అభ్యంతరాలు రాకపోతే, ఎందుకు రాలేదో పరిశీలించాలి."

"ఇది వేలు జారి పడిన తప్పండీ. జారిన మాస్టారే ఒప్పుకుంటున్నారు!"

"వ్యక్తిగా ఆయన ఒప్పుకోవచ్చు. కానీ నోటిఫై అయిన క్షణం నుంచి అది ఆయన వేలు కాదు, ప్రజల వేలు. ప్రజల వేలు జారిందని నేను ఫైలు మీద ఎలా రాయనమ్మా?"

హైమవతి టీ చల్లారిపోయింది. ఆమె లేచి వచ్చేసింది.

ఉపసంఘం కూర్చుంది. అభ్యంతరాలు ఆహ్వానించారు. ఆహ్వానించాక రాకుండా ఎలా ఉంటాయి? ప్రగతి చైతన్య వేదిక అనే సంఘంవారికి అంతవరకూ తంగేడు అంటే పువ్వు అని మాత్రమే తెలుసు. వారు ఊరేగింపుగా వచ్చి వినతిపత్రం ఇచ్చారు. "ఆగు అన్నా ఆగక ముందుకు సాగే భాష ప్రపంచంలో మనదొక్కటే. ఈ గర్వకారణాన్ని రూపుమాపాలని చూస్తున్న శక్తులు ఎవరు?" అని ప్రశ్నించారు. ఆ శక్తి గెడ్డపాలెంలో సెకండియర్ పేపర్లు దిద్దుకుంటూ ఉంది.

ఉపసంఘం సవరణను తిరస్కరించింది. అంతటితో పోయినా బాగుండేది. కానీ అందులో ఒక సభ్యుడు సూక్ష్మబుద్ధి కలవాడు. పత్రంలో సాగుతుంది అని ఉండగా, భాష మాత్రం ఇంకా ఆగుతూనే ఉందని అతను కనిపెట్టాడు. అంటే ప్రమాణ పత్రాన్ని భాషే ఉల్లంఘిస్తోంది. తప్పు పత్రానిది కాదు, భాషది.

తంగేడు భాషకు సంజాయిషీ నోటీసు పంపారు. భాషకు చిరునామా లేదు కాబట్టి, "సంరక్షకుడు మస్తాన్‌వలి ద్వారా" అని రాసి నంద్యాలకు పంపారు.

మస్తాన్‌వలి హైమవతికి ఫోన్ చేశాడు. "ఏంది మేడం ఇది? తంగేడు ఎందుకు ఆగతా ఉందో వారంలో జవాబు చెప్పాలంట. లేకుంటే క్రమశిక్షణ చర్య అంట. యాడన్నా భాషకు మెమో ఇస్తారా?"

"మీరేమని జవాబిస్తారు?"

"ఆగమంటే ఆగతాది, అది దాని గుణం, అని రాసినా. మీరు చూసినంక పంపుతా. అచ్చుతప్పులుంటే మళ్ళా అదొక తంటా."

ఆ జవాబు సంతృప్తికరంగా లేదని మండలి తేల్చింది. తన ఇంజనీర్ల చేత తంగేడుకు అధికారిక ప్రతి ఒకటి తయారుచేయించింది. మస్తాన్‌వలి భాషనే తెచ్చుకుని, ఆగు అంటే సాగేలా మార్చి, మండలి ముద్ర వేశారు. ప్రభుత్వ సంస్థలన్నీ ఆ ప్రతినే వాడాలని, కరదీపికకు విరుద్ధంగా ఏ యంత్రమూ ప్రవర్తించరాదని ఉత్తర్వు వచ్చింది.

గెడ్డపాలెం మున్సిపాలిటీలో నీళ్ళ మోటారు తంగేడు ప్రోగ్రాంతో నడుస్తుంది. అంతకు రెండేళ్ళ ముందు హైమవతి తన విద్యార్థులతో రాయించినదే. "ఒకవేళ ట్యాంకు నిండితే ఆగు" అన్నదే అందులో ముఖ్యమైన వాక్యం. ఆపడానికి ఆ భాషలో మరో మాట లేదు. ఒక పనికి ఒక మాట చాలుననే మనిషి మస్తాన్‌వలి.

ఒక ఉదయం ఆమె పాఠం చెబుతుండగా మోటారు ఆపరేటర్ అప్పలసూరి నుంచి ఫోన్ వచ్చింది. ఆ వెనక ఏదో జలపాతం హోరు.

"మేడమ్, ట్యాంకు నిండిపోనాది. మోటారు ఆగనేదు! ఈదంతా నీల్లు. కూరగాయల బజార్లో దొండకాయలు తేలిపోతన్నాయి."

"ప్రోగ్రాంలో ఆగు అనే ఉందిగా సూరీ?"

"ఉన్నాదమ్మా! తెర మీద ఆగు, ఆగు అని కనిపిస్తంది. అది కనిపించిన కాడికల్లా ఇంకా జోరుగా తోడేస్తంది."

"ముందు మెయిన్ స్విచ్చి కట్టెయ్యి!"

"కట్టీసినానమ్మా. ఆలెవరో బాబులొచ్చి ఎందుకు కట్టీసినావు అని తగువాడతన్నారు."

ఆ బాబులు మండలి తనిఖీ అధికారులు. కొత్త ప్రతి ఎలా అమలవుతున్నదో చూడడానికి మోకాళ్ళ దాకా ప్యాంట్లు మడిచి వచ్చారు. హైమవతి క్లాసు వదిలేసి పరిగెత్తుకు వెళ్ళేసరికి అప్పలసూరి చేతిలో తడిసిన కాగితం ఉంది. ప్రమాణ పత్రం ప్రకారం సాగవలసిన మోటారును చేతితో ఆపినందుకు అతన్ని విధుల నుంచి తప్పించారు. విచారణకు హాజరు కావాలి.

అప్పలసూరిది కాంట్రాక్టు ఉద్యోగం. పదేళ్ళుగా ఊరికి నీళ్ళు ఇస్తున్నాడు. ఏ వీధిలో ఎవరింట్లో పెళ్ళి ఉందో తెలుసుకుని, ఆ పూట మరికాసేపు వదిలే మనిషి. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "నానేటి తప్పు సేసినానమ్మా? సెప్పండి, ఒప్పుకుంటాను," అన్నాడు. అరిచినా బాగుండేది. హైమవతికి మొదటిసారి భయం వేసింది. అన్నాళ్ళూ ఆమెకు అదొక అచ్చుతప్పు. ఇప్పుడు ఒక మనిషి బతుకు.

స్విచ్చి కట్టే అధికారం ఎవరికీ లేకపోవడంతో మోటారు మళ్ళీ వేశారు. మర్నాటికి సగం ఊరు చెరువయింది. భుజంగరావుగారే స్వయంగా వచ్చారు. ట్యాంకు నాలుగు వైపులా నీళ్ళు కారుతుండగా, గొడుగు కింద నిలబడి పరిస్థితిని సమీక్షించారు.

"దీన్ని ముంపు అనరాదు," అన్నారు. "అదనపు లభ్యత అనాలి."

"సార్, ట్యాంకు నిండి పొర్లుతోంది," అంది హైమవతి.

"నిండడం అనే పదాన్ని కరదీపిక ఎక్కడా నిర్వచించలేదమ్మా. నేను రాత్రి చదివాను. కాబట్టి ట్యాంకు నిండిందని మీరు గానీ నేను గానీ అనడానికి ఆధారం లేదు."

"కంటికి కనిపిస్తోంది కదండీ!"

"కంటికి కనిపించేవన్నీ ఉన్నట్టు కాదు. పత్రంలో ఉన్నదే ఉన్నట్టు. పత్రంలో లేనిది లేనట్టే. ఇది మండలి మౌలిక సూత్రం." పక్కనున్న గుమాస్తాకేసి తిరిగి, "రాసుకో," అన్నారు. గుమాస్తా రాసుకున్నాడు. ఆయన సంతకం పెట్టారు. సిరా మీద ట్యాంకు చినుకు పడి కాస్త అలుక్కుంది గానీ చదవడానికి వీలుగానే ఉంది.

హైమవతి ఆ సాయంత్రం తడి చీరతోనే మస్తాన్‌వలికి ఫోన్ చేసింది.

"వలీగారూ, మండలివాళ్ళు కొత్తగా ఏదైనా సొంతంగా రాస్తారా?"

"యాడ రాస్తారు మేడం? నేను ఏ మార్పు చేసినా తెచ్చుకొని వాళ్ళ ప్రతిలో కలిపేసి ముద్ర కొడతారు. కరదీపికకు విరుద్ధంగా ఉంటేనే ఆపుతారు."

"కరదీపికలో అసలు లేనే లేని మాట అయితే?"

అవతల నవ్వు. "లేని మాట విరుద్ధం ఎట్ల అయితాది? ఏం మాట పెడదాం చెప్పండి."

ఆమెకు వెంటనే తోచలేదు. వంటింట్లో వాళ్ళమ్మ కంచంలో అన్నం వడ్డిస్తోంది. గరిటె మీద గరిటె వేస్తోంది. "చాలమ్మా, చాలు!" అంది హైమవతి ఫోను పక్కకు పెట్టి. వాళ్ళమ్మ చెయ్యి ఆగింది.

"వలీగారూ, మాట దొరికింది," అంది హైమవతి.

చాలు అనే మాట తంగేడులోకి వచ్చింది. ఆ వారంలోనే మండలి ఇంజనీర్లు దాన్ని యథావిధిగా తెచ్చుకున్నారు. కరదీపికలో వెతికారు. లేదు. లేనిది కాబట్టి అభ్యంతరమూ లేదు. ముద్ర వేసి అన్ని కార్యాలయాలకూ పంపారు. హైమవతి గెడ్డపాలెం ప్రోగ్రాంలో ఆగు పక్కన చాలు అని ఒక్క మాట చేర్చింది. మోటారు ఆగింది. బజారులో నీళ్ళు తీశాయి. కూరగాయలవాళ్ళు గంపలు మళ్ళీ నేలమీద పెట్టుకున్నారు.

విచారణ మాత్రం ఆగలేదు. అప్పలసూరి ఇస్త్రీచొక్కా వేసుకుని వచ్చాడు. పక్కన హైమవతి కూర్చుంది. విచారణాధికారి అడిగాడు:

"నీ మీద ఆరోపణ మోటారు ఆపడం. ఇప్పటికీ మోటారు ఆగుతూనే ఉందని తెలిసింది. ఎవరు ఆపుతున్నారు?"

అప్పలసూరి హైమవతికేసి చూశాడు. ఆమె లేచింది. "చాలు అనే మాట ఆపుతోందండీ."

అధికారి కరదీపిక అంతా వెతికించాడు. "అలాంటి మాట ప్రమాణ పత్రంలో లేదు."

"లేదండీ."

"మరి లేని మాట మోటారును ఎలా ఆపుతుంది?"

"ఆపలేదు కదండీ." ఆమె భుజంగరావుగారు సంతకంపెట్టిన మౌలిక సూత్రం నకలు ఆయన ముందుంచింది. "పత్రంలో లేనిది లేనట్టే అని ఇక్కడ ఉంది. ఈ లెక్కన మోటారును ఆపింది ఏదీ లేదు. ఏదీ ఆపనప్పుడు మోటారు ఆగలేదు. ఆగని మోటారును ఇతను ఆపాడని ఎలా అంటారు?"

అధికారి సూత్రం చదివాడు. సంతకం చూశాడు. అలుక్కున్న సిరా చూశాడు. చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి ఉత్తర్వు ఇలా వెలువడింది: "సదరు మోటారు నిరంతరాయంగా నడుస్తున్నందున, దానిని ఆపినట్టు చెప్పబడుతున్న ఆరోపణ నిరాధారమైనది. ఉద్యోగిని తక్షణం విధుల్లోకి తీసుకోవలెను."

బయటికొచ్చాక అప్పలసూరి అడిగాడు: "ఇంతకీ మోటారు నడస్తన్నాదా, ఆగినాదా అమ్మా?"

"నువ్వెళ్ళి నీళ్ళు వదులు సూరీ. అవన్నీ మనకెందుకు?"

ఆ తర్వాత అసలు కష్టం కరదీపిక మిత్రులకు వచ్చింది. రాష్ట్రమంతా ఎక్కడెక్కడో యంత్రాలు ఆగకుండా తిరుగుతున్నాయి. వాటన్నిటికీ చాలు మందు. కానీ ఎక్కడైనా ఒక్క వాక్యం రాశారా, అది పత్రం అవుతుంది. పత్రమైతే నోటిఫై అవుతుంది. నోటిఫై అయ్యేవేళకు ఎవరి వేలు జారుతుందో ఎవరికి తెలుసు? కాబట్టి ఎవరూ రాయకూడదని ఒట్టు పెట్టుకున్నారు. కామా కోసం వారాలు కొట్టుకున్న మనుషులకు నోరు మాత్రమే వాడాల్సి వచ్చింది. ఒకరికొకరు ఫోన్ చేసుకుని చెప్పుకునేవారు. బస్సులో పక్కసీటువాళ్ళకు చెప్పేవారు. పెళ్ళిలో వడ్డిస్తూ చెప్పేవారు.

పేరి మాస్టారు అందరికన్నా ఎక్కువ బాధపడ్డారు. "అమ్మా, అంత మంచి మాట. రెండు అక్షరాల్లో పని ముగిస్తుంది. దానికి వివరణ రాయకుండా ఎలా ఉండను? రాత్రి కలలో రాసేశాను," అన్నారు ఫోనులో.

"కలలో రాసినా దిద్దండి మాస్టారూ," అంది హైమవతి. నవ్వింది గానీ ఆమెకూ లోపల వెలితిగానే ఉంది. ఏళ్ళ తరబడి ఊరూపేరూ తెలియనివాళ్ళ కోసం రాసింది. అన్నిటికన్నా పనికొచ్చే మాట ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. దాన్ని రాయకుండా ఉండడమే ఆమె చేయగలిగిన సేవ.

ఆ ఏడాది కరదీపికకు జాతీయ పురస్కారం వచ్చింది. తాళం వేసినప్పటి నుంచి ఒక్క తప్పు కూడా దిద్దవలసిన అవసరం రాని ఏకైక పత్రంగా దాన్ని గుర్తించారు. భుజంగరావుగారు శాలువా కప్పించుకుని, ఇది ప్రజల విజయం అన్నారు. మండలి ఉద్యోగులకు కొత్తగా కట్టిన ఆదర్శ నివాస సముదాయంలో ఆయనకు పై అంతస్తు ఇల్లు ఇచ్చారు. అక్కడి లిఫ్టు, దీపాలు, నీళ్ళ మోటారు అన్నీ తంగేడు అధికారిక ప్రతితోనే నడుస్తాయని పత్రికల్లో బొమ్మలతో వేశారు.

ఒక ఆదివారం పొద్దున్న హైమవతి వరండాలో కూర్చుని పేపరు దిద్దుకుంటోంది. విద్యార్థుల పేపరు కాదు, ఇంటికొచ్చే దినపత్రిక. ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"హైమవతిగారా? నేను భుజంగరావుని." గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. "క్షేమమేనా అమ్మా? మీ అమ్మగారు బాగున్నారా?"

"బాగున్నారండీ. ఏంటి సార్, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది?"

"అదే మనవి చేద్దామని. సముదాయానికి నన్ను కార్యదర్శిని చేశారు. డాబా మీద ఉన్నాను. అదనపు లభ్యత, అదీ... నీళ్ళు పొర్లిపోతున్నాయమ్మా. కింద పడకగదిలోకి కారుతున్నాయి. మా ఆవిడ శాలువాతో తుడుస్తోంది."

"ఆగు అని రాశారా?"

"రాశాను."

"ఏం చేస్తోంది?"

"సాగుతోంది," అన్నారు ఆయన.

హైమవతి కలం మూత పెట్టింది. చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. అప్పలసూరి చేతిలో తడిసిన కాగితం గుర్తొచ్చింది. కానీ అవతల ఎవరో ఆవిడ "ఏవండీ, పరుపండీ!" అని కేకేయడం వినిపించి, మనసు ఆగలేదు.

"ఆగు పక్కన చాలు అని రాయండి సార్."

"చాలు? అంతేనా?"

"అంతే."

టకటకా చప్పుడు. హోరు తగ్గింది. చినుకులయ్యింది. నిలిచింది. ఆయన దీర్ఘంగా ఊపిరి వదలడం వినిపించింది. ఆమె ఫోన్ పెట్టేయబోయింది.

"అమ్మా, అమ్మా, ఒక్క మాట," అన్నారు భుజంగరావుగారు, చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూసుకుంటున్నట్టు మరింత గొంతు తగ్గించి. "మీకు దణ్ణం పెడతాను. ఇది మాత్రం ఎక్కడా రాయకండి. రాస్తే మా మండలివాళ్ళు చదువుతారు."